తక్కువ తిరిగిన కారులో ఎక్కువ మడ్డి

2019 జనవరి చివరి వారం. మినియాపొలిస్‌లో ఆ వారం ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. అక్కడున్న మనవాళ్ళెవరూ ఆ చలిని మర్చిపోయి ఉండరు. నేను మామూలుగానే ప్రాజెక్టు పని మీద ఊళ్ళో లేను. డాలస్‌లో క్లయింటు ఆఫీసులో ఉన్నాను. మీటింగు మధ్యలో మా ఆవిడ ఫోన్ చేసింది.

“ఏవండీ, కారులో ఎర్ర లైటేదో వెలిగింది. అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇప్పుడేం చెయ్యను?”

“ఎలా ఉంది ఆ లైటు?”

“కొమ్ముచెంబులా ఉంది. కొమ్ము చివర చుక్క కారుతున్నట్టు ఉంది.”

ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే బొమ్మ అది. అది వెలిగాక కూడా బండి నడిపితే కాసేపట్లోనే లోపలి బేరింగులు అరిగిపోతాయి. కాబట్టి ఇంజను వెంటనే ఆపెయ్యాలి. ఆపితే హీటరు ఆగిపోతుంది. కారులో అరవై దాటిన మా అమ్మ ఉంది, బయట ఆ చలి ఉంది. ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు. చివరికి ఆపమనే చెప్పాను. దగ్గర్లో ఉండే తెలుగు కుటుంబం వాళ్ళు పావుగంటలో వెళ్ళి ఇద్దర్నీ ఎక్కించుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ పావుగంటా మీటింగు రూము బయట నేనెలా నిలబడ్డానో నాకే తెలుసు.

నేను మెకానికల్ ఇంజనీర్ని కాను. చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది కన్సల్టింగు. కానీ ఆ రోజు తరవాత ఇంజను ఆయిల్ గురించి దొరికిందల్లా చదివాను. చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. కారు ఎక్కువ తిప్పేవాళ్ళ కన్నా, తక్కువ తిప్పే మనలాంటి వాళ్ళే ఆయిల్ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇది నిజం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మూత తీస్తే కనపడింది

గారేజీలో మెకానిక్ ఇంజను పైనున్న మూత విప్పి చూపించాడు. లోపల నిగనిగలాడాల్సిన లోహం ఎక్కడా కనపడలేదు. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరినూనెకి తారు రంగు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వేలు పెడితే గుంట పడింది. దీన్ని ఇంగ్లీషులో స్లడ్జ్ అంటారు. మనకి మంచి మాటే ఉంది, మడ్డి. నూనె గానుగ దగ్గర డబ్బా అడుగున పేరుకునేదాన్ని మనం మడ్డి అనే అంటాం.

ఇంజను అడుగున ఆయిల్ నిలవుండే పళ్ళెంలో ఒక జల్లెడ ఉంటుంది. పంపు దాని ద్వారానే ఆయిల్ని పైకి లాగుతుంది. ఈ మడ్డి ఆ జల్లెడకి అడ్డం పడింది. పళ్ళెంలో ఆయిల్ ఉంది, కానీ పంపుకి అందటం లేదు. ఎర్ర లైటు వెలిగింది అందుకే.

“ఈ కారు హైవే ఎప్పుడైనా ఎక్కిందా?” అని అడిగాడు మెకానిక్. నేను గర్వంగా, చాలా తక్కువ తిరిగిన కారని చెప్పాను. మూడేళ్ళలో పదకొండు వేల మైళ్ళు కూడా తిరగలేదు. సోమవారం పొద్దున్నే నేను విమానం ఎక్కేస్తాను, గురువారం రాత్రి దిగుతాను. ఈ లోపల ఆ కారు ఇంటికి మైలున్నర దూరంలో ఉన్న కిరాణా కొట్టుకీ, రెండు మైళ్ళ దూరంలో ఉన్న బడికీ, తిరిగి గారేజీకీ. అతను తల ఊపి, “రోగం అదే” అన్నాడు.

మడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెట్రోలు మండినప్పుడు పుట్టేవాటిలో నీటి ఆవిరి ఒకటి. ఒక గాలన్ పెట్రోలు కాలిస్తే సుమారుగా ఒక గాలన్ నీరు తయారవుతుందంటే నేను మొదట నమ్మలేదు. గాల్లోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. ఇందులో చాలా భాగం పొగగొట్టం గుండా బయటికి పోతుంది. కానీ పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు ఎంత బిగుతుగా ఉన్నా, కొంత గాలి వాటి పక్కనుంచి జారి కిందికి, ఆయిల్ ఉండే చోటికి వస్తుంది. దాంతోపాటు నీటి ఆవిరి, సగం కాలిన పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి కూడా వస్తాయి.

ఇంజను బాగా వేడెక్కి, ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకి వచ్చి, అలా అరగంట నడిస్తే ఆ నీరూ ఆ పెట్రోలూ చాలావరకు ఆవిరైపోతాయి. పీసీవీ అనే చిన్న వాల్వు వాటిని మళ్ళీ ఇంజన్లోకే లాగి కాల్చేస్తుంది. అంటే దూరప్రయాణం ఆయిల్‌కి ఒక రకంగా స్నానం లాంటిది.

మైలున్నర వెళ్ళి ఆగే కారులో ఈ స్నానం జరగదు. డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్యకి వచ్చింది కదా అనుకుంటాం. అది చూపించేది కూలెంటు వేడిని, ఆయిల్ వేడిని కాదు. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. అది వేడెక్కకముందే మనం కారు ఆపేస్తాం. ఆవిరి చల్లటి గోడల మీద నీరై ఆయిల్లోకి దిగుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ నీటితో కలిసి ఆమ్లాలవుతాయి. సగం కాలిన పెట్రోలు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతాయి. ఆ జిగురులో మసీ నీరూ చిక్కుకుంటే తయారయ్యేదే మడ్డి.

ఇది చలివైపు కథ. వేడివైపు కథ ఇంకోటుంది. సంక్రాంతి పిండివంటలయ్యాక మూకుడు అంచున గోధుమరంగు జిగురు పొర ఒకటి మిగులుతుంది, గుర్తుందా? ఎంత తోమినా పోదు, గరిటె కాడతో గీకాలి. నూనె వేడికి ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటం వల్ల వచ్చే పొర అది. నూనెలు వేరయినా ఇంజన్లో జరిగేదీ దాదాపు ఇదే. ఇనుము, రాగి లాంటి లోహాలు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. ప్రతి పది డిగ్రీల సెల్సియస్ వేడికీ ఈ చర్య వేగం రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. పిస్టన్ రింగుల గాళ్ళలోనూ, టర్బో ఉన్న కార్లలో ఆ టర్బో బేరింగుల దగ్గరా ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడేది ఇందువల్లనే.

గల్ఫ్‌లో ఉన్న పాఠకులు చలి బాధ మాకు లేదు కదా అనుకోవచ్చు. యాభై డిగ్రీలకి చేరువయ్యే ఎండలో, ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి అరగంట నిలబడ్డ కారు ఒక్క మైలు కూడా తిరగదు. కానీ లోపల ఆయిల్ మాత్రం అరగంట పనిచేసింది. మైళ్ళ లెక్కలో ఆ అరగంట సున్నా.

నూనెలో నూనె కానివి

మనం ఆయిల్ డబ్బా కొన్నప్పుడు అందులో ఉన్నదంతా నూనె కాదు. బ్రాండుని బట్టి పదో వంతు నుంచి ఐదో వంతు దాకా అడిటివ్‌లే ఉంటాయి. ఒకప్పుడు ఇవి లేని ఆయిల్ కూడా అమ్మేవారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తన పట్టికలో దానికి ఎస్ఏ అని పేరు పెట్టింది. అందులో అడిటివ్‌లు ఉండవనీ, 1930 తరవాత తయారైన చాలా ఇంజన్లకి అది పనికిరాదనీ ఆ పట్టికలోనే హెచ్చరిక ఉంటుంది. అంటే తొంభై ఏళ్ళకి పైగా, మన ఇంజన్లని కాపాడుతున్నది ఒట్టి నూనె కాదు, అందులో కలిపినవి.

మడ్డి విషయంలో ముఖ్యమైనవి మూడు.

మొదటివి ఆక్సిడేషన్‌ని అడ్డుకునేవి. ఫినాల్ జాతివి, అమీన్ జాతివి, వాటితోపాటు 1940ల నుంచి వాడుకలో ఉన్న జింక్-ఫాస్ఫరస్ సమ్మేళనం జెడ్‌డీడీపీ. ఈ చివరిది లోహాల అరుగుదలని కూడా తగ్గిస్తుంది. ఆక్సిడేషన్ గొలుసుకట్టుగా సాగుతుంది. ఒక అణువు పాడయి పక్కదాన్ని పాడుచేస్తుంది. ఈ అడిటివ్‌లు ఆ గొలుసు మధ్యలో దూరి, తాము పాడయిపోయి, దాన్ని తెంపుతాయి.

రెండోవి డిటర్జెంట్లు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వీటిలో క్షారం దట్టించి ఉంటుంది. ఇందాక చెప్పిన ఆమ్లాలని ఇవి విరిచేస్తాయి. వేడి భాగాల మీద పొర కట్టకుండా చూస్తాయి. ఆయిల్లో ఈ క్షారబలం ఎంత మిగిలిందో చెప్పే కొలతని టీబీఎన్ అంటారు. కొత్త ఆయిల్లో అది సాధారణంగా 6 నుంచి 10 మధ్య ఉంటుంది. వాడేకొద్దీ తగ్గుతుంది.

మూడోవి డిస్పర్సెంట్లు. వీటికి నా దగ్గర మంచి పోలిక ఉంది. చిన్నప్పుడు పండగ పూట తలకి నూనె పెట్టి కుంకుడుకాయ రసంతో అంటేవారు కదా. కుంకుడు రసంలో ఉండే అణువుకి ఒక కొస నీళ్ళంటే ఇష్టం, ఇంకో కొస జిడ్డంటే ఇష్టం. జిడ్డుని చుట్టుముట్టి నీళ్ళలో తేలేలా చేస్తుంది. డిస్పర్సెంట్ చేసేదీ అదే, తిరగేసి. దీని తల మురికిని పట్టుకుంటుంది, పొడుగాటి తోక నూనెలో ఉంటుంది. మురికి కణాలు ఒకదానికొకటి అంటుకుని గడ్డ కట్టకుండా, విడివిడిగా తేలుతూ ఉంటాయి. ఆయిల్ మార్చినప్పుడు దాంతోపాటు బయటికి పోతాయి.

అందుకే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడక్కర్లేదు. నల్లబడిందంటే చాలావరకు డిస్పర్సెంట్ తన పని చేస్తోందని. మురికి ఇంజను గోడల మీద కాకుండా ఆయిల్లో ఉందని. ఆయిల్ పోసే చోట మూత లోపల పాలమీగడలాంటి తెల్లటి నురగ కనపడితే మాత్రం కారు వేడెక్కటం లేదనీ నీరు చేరుతోందనీ అనుమానించాలి. చలికాలంలో పొట్టి ప్రయాణాల వల్లే కాక, కూలెంటు లీకయినా అలా రావచ్చు కాబట్టి కూలెంటు మట్టం కూడా చూసుకోవాలి.

ఈ మూడింటిలోనూ ఉన్న ఒక్క లక్షణాన్ని మీరు గుర్తు పెట్టుకుంటే చాలు. ఇవన్నీ ఖర్చయిపోయేవే. ఆమ్లాన్ని విరిచిన డిటర్జెంట్ మళ్ళీ పనికిరాదు. గొలుసు తెంపిన ఫినాల్ అయిపోయినట్టే. మురికితో నిండిపోయిన డిస్పర్సెంట్ నిండిన బఫరు లాంటిది, కొత్తది పట్టదు. అప్పటిదాకా ఇంజను శుభ్రంగానే ఉంటుంది. ఆ హద్దు దాటాక మడ్డి ఒక్కసారిగా కట్టడం మొదలుపెడుతుంది. మనం ఆయిల్ మార్చేది నూనె పాతబడిందని కన్నా, ఈ కాపలావాళ్ళు అయిపోయారని.

సీసాల వ్యాపారం

ఇది తెలిశాక నాకు మొదట వచ్చిన ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. అడిటివ్ అయిపోతే విడిగా ఇంకో సీసా కొని పోస్తే సరి కదా? ఆటో విడిభాగాల కొట్టులో ఒక వరస మొత్తం అలాంటి సీసాలే. నేనూ ఒకప్పుడు రెండు కొన్నాను. ఇప్పుడు కొనను, మిమ్మల్నీ కొనమని చెప్పను.

ఎందుకంటే ఆయిల్ ఫార్ములా ఒక సమతూకం. అడిటివ్‌లన్నీ లోహపు ఉపరితలం మీద చోటుకోసం ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకటి పెంచితే ఇంకోటి దెబ్బ తినవచ్చు. ఉదాహరణకి జెడ్‌డీడీపీ మంచిదే, కానీ అందులోని ఫాస్ఫరస్ పొగగొట్టంలో ఉండే కాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. అందుకే 2004లో వచ్చిన జీఎఫ్-4 ప్రమాణం మనం మామూలుగా వాడే పలచని గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి పరిమితం చేసింది. అలాగే చిన్న టర్బో ఇంజన్లలో పెట్రోలు అకాలంగా అంటుకునే జబ్బుకి కాల్షియం డిటర్జెంట్ తోడ్పడుతుందని తేలాక, 2020 మే నుంచి వచ్చిన ఏపీఐ ఎస్పీ ఆయిళ్ళలో చాలామంది కాల్షియం కొంత తగ్గించి మెగ్నీషియం పెంచారు. ఇంత లెక్క వేసి చేసిన దానిలో మనం కొట్లో కొన్న సీసా పోయడమంటే, టెస్టింగ్ అయిపోయిన కోడ్‌లో ప్రొడక్షన్ మెషీన్ మీద నాలుగు లైన్లు చేర్చడం లాంటిది.

ప్రకటనల సంగతి కూడా చెప్పాలి. మామూలు ఆయిల్ వాడితే బండి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజనుకి దాదాపు రక్షణే ఉండదన్నట్టు ప్రచారం చేసినందుకు, స్లిక్ 50 అమ్మేవాళ్ళ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు చేసింది. 1997లో వాళ్ళు రాజీకి వచ్చారు. అలాంటి కేసులు ఆ రోజుల్లో ఇంకా కొన్ని జరిగాయి.

మరి డబ్బా మీద ఉన్న మాటలని ఎలా నమ్మాలి? ఏపీఐ ముద్ర చూడండి. దాని వెనక పరీక్షలున్నాయి. 1980లలో అమెరికాలోనూ జర్మనీలోనూ ఇంజన్లలో నల్ల మడ్డి పెద్ద సమస్య అయ్యాక మడ్డి పరీక్షలు ఇంకా కఠినం చేశారు. సీక్వెన్స్ వీజీ, దాని తరవాత వచ్చిన వీహెచ్ అనే పరీక్షల్లో నిజం ఇంజన్ని 216 గంటలు, ఊళ్ళో ఆగుతూ సాగుతూ వెళ్ళే కారులా నడుపుతారు. తరవాత విప్పి, ఒక్కో భాగానికీ పదికి మార్కులు వేస్తారు. పది వస్తే అద్దంలా ఉన్నట్టు. ఇది దాటిన ఆయిల్ ఖరీదైనదే కానక్కర్లేదు. పెద్ద దుకాణాలు సొంత పేరుతో అమ్మే చవక ఆయిళ్ళలోనూ ఈ ముద్ర ఉన్నవి దొరుకుతాయి.

ఇంజను కడిగేస్తామని అమ్మే ఫ్లష్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త. మడ్డి బాగా పట్టిన ఇంజన్లో అది పోస్తే గడ్డలు గడ్డలుగా ఊడి, నేరుగా వెళ్ళి ఆ జల్లెడకే అడ్డం పడొచ్చు. మడ్డి ఉందని అనుమానం వస్తే మెకానిక్‌కి చూపించి, మంచి ఆయిల్ పోసి, రెండు మూడు సార్లు తొందర తొందరగా మార్చడమే నయం.

డాష్‌బోర్డు చెప్పే అంకె

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. మా కారు మాన్యువల్లో ఇలా ఉంది: 5000 మైళ్ళు లేదా ఆరు నెలలు, ఏది ముందయితే అది. మనందరం రోజూ రాసే ‘ఆర్’ కండిషనే. మొదటి షరతు నిజం కాకపోతే రెండోది చూడాలని మొదటి సెమిస్టర్ కుర్రాడికి కూడా తెలుసు. నేను మాత్రం మొదటిది చూసి వదిలేశాను. ఆ ఎర్ర లైటు వెలిగిన నాటికి ఆయిల్ మార్చి 3800 మైళ్ళు. నెలలు లెక్కపెడితే పదిహేడు.

కారు నాకు గుర్తు చెయ్యలేదా అంటే, చెయ్యలేదు. ఎందుకంటే మా కారులో ఉన్న హెచ్చరిక లైటు ఒట్టి మైళ్ళ లెక్క. 5000 లోంచి తీసివేత. కొన్ని కార్లలో ఇంతకన్నా తెలివైన పద్ధతి ఉంది. జనరల్ మోటార్స్ 1980ల చివర్లోనే మొదలుపెట్టింది. ఇంజను ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అనేది చూసి ఆయిల్ ఎంత మిగిలిందో శాతంలో చెబుతుంది. మంచి మోడలే. కానీ చాలా కార్లలో ఈ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఆయిల్ని తాకి చూడదు. మీరు ఏ ఆయిల్ పోశారో దానికి తెలియదు. అసలు మార్చారో లేదో కూడా తెలియదు, రీసెట్ బటన్ నొక్కితే మార్చినట్టే. అది చెప్పేది కొలత కాదు, అంచనా. మనం రోజంతా ఇలాంటి డాష్‌బోర్డులు తయారుచేసి అమ్మేవాళ్ళం. పచ్చగా కనిపించే అంకె వెనక ఏముందో ఆఫీసులో తప్పకుండా అడుగుతాం. కారెక్కగానే అడగడం మానేస్తాం.

నేను డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ కంపెనీ మాత్రం రెండో షరతు మర్చిపోలేదు. ఆయిల్ మార్చిన రసీదులు పంపమన్నారు. తారీకుల మధ్య ఖాళీ చూసి క్లెయిమ్ తోసిపుచ్చారు. కోపం వచ్చింది. కానీ వాళ్ళ కాగితం చదివితే వాళ్ళదే నిజం. పాత ఇంజను తీసి, వాడిన ఇంజను ఒకటి పెట్టించడానికి నాలుగున్నర వేల డాలర్లయింది. ఏడాదికి ఇంకొక్క సారి ఆయిల్ మార్చి ఉంటే అయ్యే ఖర్చు మూడేళ్ళకి రెండొందలు.

అందరూ తరచుగా మార్చాలా?

అక్కర్లేదు. 3000 మైళ్ళకోసారి మార్చాలనే పాత లెక్క ఇప్పటి ఆయిళ్ళకి చాలామంది విషయంలో దండగ. రోజూ నలభై మైళ్ళు హైవే మీద వెళ్ళేవాళ్ళు మాన్యువల్ చెప్పిన పూర్తి గడువుదాకా నిశ్చింతగా ఉండొచ్చు. ఒక్కసారి మార్చినప్పుడు వచ్చే వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. ఊరికే మార్చి పారబొయ్యడం కూడా తప్పే. నేననేది ఎక్కువసార్లు మార్చమని కాదు, మీ వాడకం ఏ రకమో చూసుకుని లెక్కపెట్టమని.

చాలా మాన్యువల్స్‌లో రెండు పట్టికలుంటాయి. ఒకటి మామూలు వాడకానికి, ఇంకోటి కఠిన వాడకానికి. కఠినం అనగానే ట్రెయిలర్లు లాగే ట్రక్కులు అనుకుని పేజీ తిప్పేస్తాం. కింద చిన్న అక్షరాల్లో చదవండి. గడ్డకట్టే చలిలో ఐదు మైళ్ళ లోపు ప్రయాణాలు, ఎక్కువసేపు నిలబెట్టి ఇంజను నడపడం, దుమ్ములో తిరగడం, ఇవన్నీ ఆ జాబితాలోనే ఉంటాయి. వారానికి మూడుసార్లు కిరాణా కొట్టుకి వెళ్ళే మన మినీవ్యాన్ చేసేది కఠిన వాడకమే.

2020 తరవాత ఇంటినుంచి పని మొదలైనప్పటి నుంచి ఇలాంటి కార్లు ఎక్కువయ్యాయి. ఇంకో సంగతి. మనవాళ్ళలో చాలామంది ఎలక్ట్రిక్ కారు కొనుక్కుని, ఇంక ఆయిల్ గొడవ లేదని సంతోషిస్తున్నారు. ఆ కారుకి నిజమే. కానీ గారేజీలో రెండో కారు ఇంకా పెట్రోలుదే. దూరాలన్నీ ఎలక్ట్రిక్ కారుకి వెళ్ళిపోయి, దీనికి మిగిలినవి రెండేసి మైళ్ళ పనులు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లయితే ఇంజను ఎప్పుడో ఒకసారి, చల్లగా, కాసేపు మాత్రమే తిరుగుతుంది. మడ్డి పట్టడానికి ఇంతకన్నా అనువైన వాడకం నేను ఊహించలేను.

నేనిప్పుడు చేస్తున్నది ఇది. ఆయిల్ మార్చిన తారీకు ఫోన్ క్యాలెండర్లో పెడుతున్నాను, మైళ్ళు కాదు. మాన్యువల్ చెప్పిన గ్రేడు, ఏపీఐ ముద్ర ఉన్న ఆయిల్ పోయిస్తున్నాను. రసీదు ఫోటో తీసి దాచుకుంటున్నాను. ఫలానా డీలరు దగ్గరే మార్పించాలని తయారీదారు వారంటీ కోసం షరతు పెట్టకూడదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, కానీ మార్పించామని రుజువు మనమే చూపించాలి. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తున్నాను. పది పదిహేను రోజులకోసారి అరగంట హైవే మీద తిప్పుతున్నాను. మా ఆవిడకి ఆ కొమ్ముచెంబు బొమ్మ గురించి ఇప్పుడు నాకన్నా బాగా తెలుసు.

చివరిగా ఒక మాట. మనలో చాలామంది ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఒక కారు కొనిపెట్టి ఉంటాం. గుడికీ ఆస్పత్రికీ తప్ప అది కదలదు. మొన్న సంక్రాంతికి ఫోన్ చేస్తే నాన్న సంబరంగా చెప్పాడు.

“కారు పెళ్ళికూతుర్లా ఉందిరా. ఆ ఫ్రీ సర్వీసులయ్యాక రెండేళ్ళు దాటింది, ఆరువేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. పదివేలవనీ, సర్వీసుకి ఇస్తా.”

“నాన్నా, ఆ పదివేలు అన్న చోట ఇంకేమైనా రాసుందేమో, పుస్తకం తీసి ఒకసారి చదువు.”

కళ్ళజోడు వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. తరవాత మెల్లిగా కూడబలుక్కుంటూ చదివాడు, పదివేల కిలోమీటర్లు లేదా పన్నెండు నెలలు, ఏది ముందయితే అది. ఫోన్లో కొంచెం సేపు మాట లేదు.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?” అన్నాడు.

మీరూ ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి.